ఆ అయిదుగురి పేర్లు

ఎస్తేరు రాణికి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసేస్తుంది.

నంద్యాలకు దగ్గరలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆమె ఎకనామిక్స్ చెప్పేది. ఏడాది కాంట్రాక్టు. ప్రతి జూన్‌లో యాజమాన్యం మళ్లీ సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, పెట్టకపోతే ఉండదు. ఆ కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉంది. అంటే పాఠం చెప్పిన మనిషే ప్రశ్నపత్రం ఇస్తుంది, దిద్దుతుంది, మార్కులు వేస్తుంది. యూనివర్సిటీ మధ్యలోకి రాదు.

ఆ సెమిస్టర్‌లో ఆమె యాభై ఎనిమిది పేపర్లు దిద్దింది. నలభై ఒక్కమంది తప్పారు.

ప్రిన్సిపల్ చంద్రమౌళి గారు ఆమెను పిలిపించారు. కూర్చోమనలేదు.

"అందరికీ ఒక పదిహేను కలిపెయ్యమ్మా. సోమవారం సాయంత్రానికి లిస్టు నా బల్ల మీద ఉండాలి."

"రాయని జవాబుకు మార్కులు ఎట్లా వెయ్యాలి సార్?"

"చేత్తో," అన్నారు ఆయన.

ఆమె కలపనంది. స్టాఫ్ రూముకు వచ్చేసరికి ఆ మాట ఆమెకన్నా ముందే అక్కడికి చేరింది. కామర్స్ చెప్పే రామసుబ్బయ్య గారు పేపరు మడిచి పక్కన పెట్టి, "మేమంతా ఏళ్ల తరబడి కలుపుతానే ఉన్నాం గదమ్మా. నువ్వు నిప్పు, మేమంతా బూడిదనా?" అన్నారు.

ఎస్తేరు రాణికి ఆ మాట కోపం తెప్పించలేదు. నిజం చెప్పాలంటే కొంచెం నచ్చింది కూడా.

కానీ ఇంటికి వెళ్లాక నలభై ఒక్క పేపర్ల కట్ట చూస్తూ కూర్చుంది. అబ్బాయి తప్పితే మళ్లీ పరీక్షకు కడతాడు. ఆ ఊళ్లలో అమ్మాయి తప్పితే ఇంట్లో మళ్లీ పుస్తకం మాట రాదు, సంబంధం మాట వస్తుంది. ఆ నలభై ఒక్కమందిలో వచ్చే ఏడాది ఎంతమంది క్లాసులో ఉంటారో ఆమెకు తెలుసు. అబద్ధం మార్కులు వెయ్యడం ఆమె వల్ల కాదు. వెయ్యకుండా ఆ పిల్లల ముఖాలు చూడటమూ ఆమె వల్ల కాదు. ఎవరైనా పెద్దవాళ్లు, తన దిద్దుబాటు సరైనదేనని చెబితే చాలనిపించింది.

మర్నాడు రెండో శనివారం. ఆమె యాభై ఎనిమిది పేపర్ల కట్టా చేతపట్టుకుని నంద్యాలలో జమీలా బేగం గారి ఇంటికి వెళ్లింది.

జమీలా బేగం గారు ప్రభుత్వ కాలేజీలో ముప్పై మూడేళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలుస్తారు. ప్రతి రెండో శనివారం పదింటికి ఆమె ఇంటి ముందుగదిలో, చుట్టుపక్కల కాలేజీల్లో అదే సబ్జెక్టు చెప్పే ఆడవాళ్లు కలుస్తారు. ఎనిమిది మందో తొమ్మిది మందో. ఆ కూటమికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షురాలు లేదు. శాలువాలు కప్పుకోవడం అసలే లేదు. కట్టలు తెచ్చుకుంటారు, ప్రశ్నలు తెచ్చుకుంటారు, చెప్పలేకపోయిన పాఠాలు తెచ్చుకుంటారు.

మగ లెక్చరర్లకు ఇట్లాంటి గది అవసరం పడలేదు. వాళ్లకు ఊరంతా గదే. బస్టాండు ఎదురుగా హోటలు ఉంది, పరీక్షల విభాగంలో ఎవరో ఒకరి బావమరిది ఉంటాడు. ఎవరికి ఏ పేపరు, ఎవరికి ఏ కమిటీ అన్నది అక్కడ రెండో టీకి తేలిపోతుంది. ఆడవాళ్లు నాలుగున్నర బస్సు ఎక్కాలి. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదో ఇంట్లో చెప్పాలి.

ఆ గది ఎట్లా మొదలైందో ఆపా ఎప్పుడో ఒకసారి చెప్పారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక జవాబుకు ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియక సీనియర్‌ని అడిగారట. ఆయన, "చూస్తానే తెలిసిపోతుంది" అన్నారట. ఈమెకు తెలియలేదు. ఆదోనిలో చెప్పే స్నేహితురాలికి ఉత్తరం రాసి ఇంటికి పిలిచారు. ఒకే పేపరును ఇద్దరూ విడివిడిగా దిద్దారు. ఒకరు పదమూడు వేశారు, ఇంకొకరు ఆరు. ఆ తేడా చూసి ఇద్దరికీ భయం వేసింది. ఆ భయంతోనే తర్వాతి నెల మళ్లీ కలిశారు.

ఎస్తేరు రాణి ఆ గదికి అంతకుముందు రెండుసార్లు వచ్చి, ఒక మూల కూర్చుని విని వెళ్లింది. ఆ రెండు రోజులూ ఎవరూ కట్ట తేలేదు. ఈసారి నేరుగా ఆపా ముందుకు వెళ్లి ఒక కాగితం ఇచ్చింది. టైపు చేయించిన ఉత్తరం. ఈ యాభై ఎనిమిది పేపర్ల దిద్దుబాటు సక్రమంగా ఉందని మేము ధ్రువీకరిస్తున్నాము. కింద ఎనిమిది సంతకాలకు గీతలు.

సంగతంతా చెప్పింది. ప్రిన్సిపల్ మాట, తన మాట, పిల్లలు పడిపోయిన ప్రశ్న, సోమవారం గడువు.

"మీరు సంతకం పెడితే ఆయన నోరెత్తలేడు మేడమ్," అంది.

ఆపా ఉత్తరం మొత్తం చదివారు. మడిచి, టిఫినుకు చేసిన బొరుగుల ఉగ్గాని గిన్నె కింద పెట్టారు. లోపలికి వెళ్లి గీతల కాగితాలు రెండు తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"రాయమ్మా."

"ఏం రాయాలి మేడమ్?"

"నువ్విచ్చిన ఆ ప్రశ్నకు జవాబు."

ఆ గదిలో పద్ధతి అది. ఎవరు కట్ట తెచ్చినా, విప్పే ముందు, ప్రశ్న ఇచ్చిన మనిషే దానికి జవాబు రాయాలి. పిల్లలకిచ్చినంత సమయమే. పుస్తకం చూడకూడదు. రాసింది పక్కవాళ్లు పైకి చదువుతారు.

"అది నేనిచ్చిన ప్రశ్నే మేడమ్," అంది ఎస్తేరు రాణి.

"అందుకే."

"నాకు ఎంఏలో గోల్డ్ మెడల్ వచ్చింది."

ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఓబుళమ్మ ఉగ్గానిలోంచి మిరపకాయ తీసి పక్కన పెడుతూ, "తెచ్చినావా? ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోతాండాయి, పైన పెట్టుకుందాం," అంది.

ఎస్తేరు రాణి ముఖం ఎర్రబడింది. పెన్ను తీసింది.

ప్రశ్న ఇది. ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి. ఇరవై మార్కులు. తప్పనిసరిగా రాయాల్సిన ప్రశ్న. పిల్లల్లో ఎక్కువమంది దీని దగ్గరే పడిపోయారు.

ఇరవై అయిదు నిమిషాల్లో ఆమె రాసి ఇచ్చింది. పక్కన కూర్చున్న పద్మాసని అందుకుని పైకి చదివింది. పద్మాసని డోన్‌లో చెబుతుంది, గొంతు బాగుంటుంది. పని చేస్తున్నట్టు కనిపిస్తూ, తీసేసినా ఉత్పత్తి తగ్గని మనుషుల స్థితిని ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటారు. వాళ్ల ఉపాంత ఉత్పత్తి, అంటే వాళ్లు చేరినందువల్ల పెరిగే దిగుబడి, సున్న. గ్రాఫ్ ఉంది. చివర ఉదాహరణ ఉంది. ఒక పొలానికి ముగ్గురు చాలు, అయిదుగురు పని చేస్తున్నారు, ఇద్దరిని తీసేసినా దిగుబడి తగ్గదు, కాబట్టి ఆ ఇద్దరూ ప్రచ్ఛన్న నిరుద్యోగులు.

ఒక్క తప్పు లేదు. ఎస్తేరు రాణి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆ అయిదుగురి పేర్లేందమ్మా?" అన్నారు ఆపా.

"పేర్లా? అది ఉదాహరణ మేడమ్. పేర్లుండవు."

"పొలం యాడుంది?"

"పుస్తకంలో," అంది ఎస్తేరు రాణి.

అన్నాక, ఆ మాట ఆమె చెవికే వినిపించింది. ఎవరూ నవ్వలేదు.

ఆపా కట్ట విప్పారు. ఒక్కో పేపరూ తిప్పుతూ, ఆ ప్రశ్నకు రెండు మార్కులు పడినదొకటి బయటికి తీశారు. పేరు లేదు, నంబరే. ముప్పై ఏడు. తీసి ఎస్తేరు రాణికే ఇచ్చారు.

"ఇది నువ్వు చదువు. పైకి."

ఆమె చదివింది.

"ప్రచ్ఛన్న నిరుద్యోగం అంటే పని చేస్తున్నట్టు ఉండి చెయ్యకపోవడం. మాది మూడెకరాల మిరప తోట. సర్వేకు వచ్చిన సారు మా ఇంట్లో అందరి పేర్లు రాసుకున్నాడు. మా నాన్న ఎదురుగా రైతు అని రాసుకున్నాడు. మా అమ్మ లక్ష్మక్క ఎదురుగా ఇంటి పని అని రాసుకున్నాడు. మా అవ్వ ఎదురుగా ఏమీ రాయలేదు. పోయిన ఏడు కోతలప్పుడు మా నాన్న నెల రోజులు మా అత్తోళ్ల ఊరికి పోయినాడు. కోత ఆగలేదు. దిగుబడి తగ్గలేదు. ఈ ఏడు మా అమ్మకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. కాయ కల్లంలోనే తడిసింది. బర్రె పాలియ్యలేదు. నేను, మా చెల్లెలు కాలేజీకి రాలేదు. కాబట్టి మా ఇంట్లో ప్రచ్ఛన్న నిరుద్యోగి మా నాన్న. ఆయన పని చేస్తున్నట్టు గవర్నమెంటుకు కూడా కనిపిస్తాడు."

ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. గది గదంతా నవ్వింది, ఆపాతో సహా. నవ్వి నవ్వి పద్మాసని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

నవ్వనిది ఎస్తేరు రాణి ఒక్కతే. ఆమె మార్జిన్‌లో ఎర్ర సిరాతో తన చేతిరాత చూస్తోంది. సొంత విషయాలు రాయరాదు. ఇరవైకి రెండు.

"ఇట్లాంటివి ఇంకా ఉన్నాయా?" అని పద్మాసని అడిగింది.

"చాలా ఉన్నాయి," అంది ఎస్తేరు రాణి. "బీడీలు చుట్టే అమ్మల గురించి ఒకరు రాశారు. ముగ్గురు అన్నల గురించి ఒకరు. నేను... నేనే చెప్పినాను వాళ్లకు."

"ఏమని?"

"జనవరిలో, ఈ పాఠం చెప్పిన రోజు. గైడు చూసి చిలకల్లాగ రాయొద్దు, మీ ఇంట్లోకి చూడండి, మీ పొలంలోకి చూడండి అని. మార్చిలో దిద్దే ముందు కీ తయారు చెయ్యాల్సి వచ్చింది. రేపే కావాలన్నారు. గైడులోంచి దించినాను."

ఏ మార్కు ఎక్కడ వెయ్యాలో రాసుకునే కాగితం అది, కీ. నిర్వచనానికి అయిదు, ఉపాంత ఉత్పత్తికి అయిదు, గ్రాఫ్‌కు అయిదు, పొలంలో అయిదుగురి ఉదాహరణకు అయిదు. మూడు నెలల కిందట తను చెప్పిన మాట విన్నవాళ్లంతా తప్పారు. విననివాళ్లు పాసయ్యారు.

ఆపా లేచారు. ఖాళీ గిన్నెలు తీసి లోపల పెట్టి, చాప మీద జాగా చేశారు. మిగతావాళ్లు ఎవరూ చెప్పకుండానే దగ్గరికి జరిగారు.

ముందు కొత్త కీ రాశారు. దానికే గంటన్నర పట్టింది. ఓబుళమ్మ గ్రాఫ్ ఉండి తీరాలంది. పద్మాసని, గ్రాఫ్ చెప్పేదే మాటల్లో చెబితే చాలదా అని పట్టుబట్టింది. ఉపాంత ఉత్పత్తి అన్న మాట రాకపోతే ఎకనామిక్స్ ఎట్లా అవుతుందని ఒకరు, నాన్న ఊరికి పోయిన నెల రోజులు ఉపాంత ఉత్పత్తి కాక మరేమిటని ఇంకొకరు. ఒకరి మాట ఒకరు కోసుకుంటూ, నవ్వుకుంటూ, అలిగి మళ్లీ మాట్లాడుకుంటూ రాశారు. తన పేపర్ల గురించి ఇంతమంది ఇంతగా పోట్లాడుకోవడం ఎస్తేరు రాణి ఎన్నడూ చూడలేదు. ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె మార్కుల గురించి ఎవరు మాట్లాడినా, ఎన్ని అనే మాట్లాడారు. ఎందుకు అని ఒక్కరూ అడగలేదు.

తర్వాత పేపర్లు పంచుకున్నారు. ఆ ఒక్క ప్రశ్నే, ఒక్కో పేపరు ఇద్దరు చదవాలి. మార్కు పేపరు మీద కాకుండా చీటీ మీద రాయాలి, రెండో మనిషికి కనిపించకూడదు. రెండు చీటీలకూ మూడు మార్కుల పైన తేడా వస్తే గదంతా వినాలి.

పన్నెండున్నరకు పద్మాసని ఫోను మోగింది.

"పోపు డబ్బా యాడుందంట," అంది అందరితో. ఫోన్లో, "పోయిన నెల యాడుందో ఆడనే ఉంది," అంది.

"ముప్పై ఏడో పేపరు వాళ్ల నాయనకు మీ ఆయన చుట్టమేమో కనుక్కో," అంది ఓబుళమ్మ తల ఎత్తకుండా.

ఒంటిగంటకు ఇంకో ఫోను. రెండింటికి మరొకటి. ఒకరి బిడ్డకు జలుబు, ఒకరి అత్తగారికి మాత్రలు, ఒకరింటికి చెప్పకుండా వచ్చిన మరిది. ఆదివారాలు కాక నెలలో దొరికే ఒక్క సెలవు రోజు. ఒక్కరూ లేవలేదు. అన్నం కూడా వంతులవారీగా తిన్నారు.

మూడున్నర కావస్తుండగా చివరి చీటీ విప్పారు. ముప్పై ఏడుకు ఒకరు పదిహేడు వేశారు, ఒకరు పద్దెనిమిది. తప్పినవాళ్లు నలభై ఒకటి నుంచి పదమూడుకు తగ్గారు. ఆ పదమూడు మందివీ ఆపా మళ్లీ తానే చదివారు. తల అడ్డంగా ఊపి కట్టలో పెట్టారు. లేనిది లేదు.

ఎస్తేరు రాణికి ఇంకో దిగులు పట్టుకుంది. గైడులోది దించి మొదటే పాసైన పదిహేడు మంది ఉన్నారు.

"వాళ్లకు తగ్గించాలా ఆపా?"

ఆమె ఆపా అనడం అదే మొదటిసారి.

"ఎందుకు తగ్గించాల? పొద్దున నువ్వు రాసిందీ అదే గదా."

ఎస్తేరు రాణి తల దించుకుంది. లేచి, చాప మీద చెల్లాచెదురుగా ఉన్న చీటీలన్నీ ఒక్కొక్కటీ ఏరింది. ఒక్కో చీటీ మీద ఒక్కో చేతిరాత. ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

"మీ అందరికీ నేనెట్లా..." అంది.

"మేం చదివినాం, అంతే," అన్నారు ఆపా. "రాసిన పిల్ల ఉంది. చెప్పాల్సిందేమన్నా ఉంటే ఆ పిల్లకు చెప్పు."

ఓబుళమ్మ సంచీ భుజాన వేసుకుంటూ గోడ గడియారం చూసింది. నాలుగున్నర బస్సుకు ఇంకా పావుగంట ఉంది.

ఎస్తేరు రాణి పొద్దున తెచ్చిన ఉత్తరం అడిగి తీసుకుంది. మడతలో ఉగ్గాని నూనె మరక పడింది. టైపు చేసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కింద చేత్తో రాసింది. ఈ పేపర్లలో తప్పనిసరి ప్రశ్నను నేను మొదట తప్పుగా దిద్దాను. పాఠంలో ఒకటి అడిగి, మార్కుల్లో మరొకటి అడిగాను. కొత్త కీతో ఇద్దరిద్దరు చదివి మళ్లీ మార్కులు వేశారు. కీ జతపరిచాను. సంతకం పెట్టింది.

అది చదివి ఆపా చెయ్యి చాపారు.

"పెన్నియ్యి."

ఎనిమిది గీతల మీదా ఎనిమిది సంతకాలు పడ్డాయి. ఓబుళమ్మ గుమ్మంలో నిలబడి, తలుపు మీద కాగితం ఆనించి పెట్టింది.

సోమవారం పొద్దున ఎస్తేరు రాణి ముందు క్లాసుకు వెళ్లింది. జరిగిందంతా చెప్పింది. తప్పు తనదని రెండుసార్లు చెప్పింది, మొదటిసారి పిల్లలకు అర్థం కాలేదు. లెక్చరరు నోట వాళ్లు ఆ మాట అంతకుముందు వినలేదు.

"ముప్పై ఏడో పేపరు ఎవరిదో నాకు తెలియదు. తెలుసుకోను కూడా. ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను. ఆమె లేకపోతే నేను ఇట్లాగే ముసలిదాన్నయ్యేదాన్ని."

చివరి బెంచీ నుంచి ఒక చిన్న గొంతు వచ్చింది.

"మేడమ్, ఆ అమ్మాయి వాళ్ల నాన్నకు చెప్పరు గదా?"

యాభై ఏడు మంది వెనక్కి తిరిగి చూసి నవ్వారు.

"చెప్పను," అంది ఎస్తేరు రాణి. కళ్లు తుడుచుకుని పాఠం తీసింది.

మధ్యాహ్నం ప్రిన్సిపల్ బల్ల మీద లిస్టు, కీ, ఉత్తరం పెట్టింది. ఆయన ఉత్తరం రెండుసార్లు చదివారు.

"తప్పు చేసినానని ఎవరన్నా రాసిస్తారా అమ్మా? ఆ పదిహేను కలిపుంటే సరిపోయేది గదా. ఫలితం ఇంచుమించు అదే."

"అదే కాదు సార్," అంది ఆమె. "పదమూడు మంది ఉన్నారు. వాళ్లకు సెలవుల్లో క్లాసు తీసుకుంటాను."

తీసుకుంది. ఆ ఎండల్లో పదకొండు మంది వచ్చారు.

జూన్‌లో యాజమాన్యం ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం చెప్పలేదు. ఓబుళమ్మ ఎక్కడెక్కడో ఫోన్లు చేస్తే, ఆళ్లగడ్డ అవతల ఒక కాలేజీలో చోటు దొరికింది. అక్కడి నుంచి జమీలా ఆపా ఇంటికి రెండు బస్సులు మారాలి.

తర్వాతి పద్నాలుగేళ్లలో ఎస్తేరు రాణి రెండో శనివారం రెండుసార్లు మానింది. రెండుసార్లూ కాన్పులే.